తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ కంప్యూటర్: విడిభాగాల ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ పరీక్షలు ముగిసిన దగ్గర్నుంచి బీటెక్ తరగతులు మొదలయ్యే దాకా ఈ ప్రశ్నలు ఏటా వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్లు మారతారు, సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నిటినీ ఒకచోట పెట్టాను. ధరలు వారం వారం మారుతున్నాయి కాబట్టి రూపాయల జాబితా ఇవ్వలేదు. బడ్జెట్‌లో దేనికి ఎంత వాటా ఇవ్వాలో, ఎక్కడ చేయి బిగించాలో, ఎక్కడ బిగించకూడదో చెప్పాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## డబ్బు లెక్క వేసుకునేటప్పుడు

ముందు దేన్ని ఎంచుకోవాలి? ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా?

రెండూ కాదు, మానిటర్‌ను. 1920×1080 తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. 2560×1440 తెర మీద దాదాపు 36.9 లక్షలు. అంటే గ్రాఫిక్స్ కార్డు మీద భారం దగ్గర దగ్గర 1.8 రెట్లు అవుతుంది. తక్కువ బడ్జెట్ అనుకున్నప్పుడు 1080 దగ్గరే ఆగడం మంచిది. తరువాత మీరు ఆడే ఆటలు కాగితం మీద రాయండి. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటివి ప్రాసెసర్‌ను ఎక్కువగా అడుగుతాయి. సైబర్‌పంక్ 2077 వంటివి గ్రాఫిక్స్ కార్డును పిండేస్తాయి. మీ జాబితాలో ఏ రకం ఎక్కువుంటే డబ్బు అటు మొగ్గాలి.

మొత్తం డబ్బులో దేనికి ఎంత పెట్టాలి?

మానిటర్, కీబోర్డు, మౌస్ పక్కన పెట్టి చూస్తే గ్రాఫిక్స్ కార్డుకు 35 నుంచి 40 శాతం, ప్రాసెసర్, మదర్‌బోర్డు కలిపి 25 నుంచి 30 శాతం అనేది నేను వాడే లెక్క. మిగిలింది ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (ఆటలు, ఫైళ్లు దాచే డిస్క్), ఎస్‌ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు అందించే డబ్బా), క్యాబినెట్ పంచుకోవాలి. ఈ మిగిలిన భాగమే ఇప్పుడు ఇబ్బంది పెడుతోంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో మనకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమ్మిన మైక్రాన్ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి పాత వీడియోల్లో చూపించే బడ్జెట్ పట్టికలను నమ్ముకోకండి. 32 జీబీ ర్యామ్ ఆశ వదిలి 16 దగ్గర ఆగితే ఆ తేడా గ్రాఫిక్స్ కార్డుకు పనికొస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు తరువాత కొంటాను. అంతవరకు ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్‌తో ఆడవచ్చా?

ఆడవచ్చు, కానీ దానికి తగిన ప్రాసెసర్ కావాలి. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ, 8600జీ ఈ పనికే ఉన్నాయి. వాలరెంట్ వంటి తేలిక ఆటలు హాయిగా నడుస్తాయి. అయితే కార్డు కొన్నాక 5600జీ వెనకబడుతుంది. లోపల గ్రాఫిక్స్ లేని 5600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉంటే 5600జీలో సగమే, 16 ఎంబీ. పైగా అది కార్డుతో మాట్లాడే దారి (పీసీఐఈ) విషయంలో పాత 3.0తోనే సరిపెడుతుంది. కార్డు ఆరు నెలల్లోపే కొనగలరనుకుంటే ఓపిక పట్టి రెండూ ఒకేసారి కొనండి. ఏడాది పైన పడుతుందంటే జీ ప్రాసెసరే సరైనది.

దీనికన్నా గేమింగ్ ల్యాప్‌టాప్ మేలు కదా?

హాస్టల్‌లో ఉండేవారికి అవును. ఇంట్లో బల్ల ఉన్నవారికి కాదు. ఒకే పేరున్న కార్డు ల్యాప్‌టాప్‌లో తక్కువ కరెంటుతో, తక్కువ వేగంతో నడవవచ్చు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 కార్డును ల్యాప్‌టాప్ కంపెనీలు 35 నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆ వాట్ల అంకె చూడకుండా ఏ ల్యాప్‌టాపూ కొనకండి.

"కోర్ ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ గేమింగ్ పీసీ" చాలా చవకగా కనిపిస్తోంది. తీసుకోవచ్చా?

వద్దు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. వివరాల్లో కిందకు వెళ్లి చూస్తే ఆ ఐ7 చాలాసార్లు 2011 నాటి 2600, లేదా 2012 నాటి 3770 అయి ఉంటుంది. ర్యామ్ డీడీఆర్3. 4 జీబీ గ్రాఫిక్స్ అంటే 2014లో వచ్చిన జీటీ 730. అది అప్పట్లోనే గేమింగ్ కార్డు కాదు. విండోస్ 11 మద్దతు జాబితాలో ఈ ప్రాసెసర్లు లేవు. 2022లో వచ్చిన ఐ3-12100 కూడా వీటిని సునాయాసంగా దాటేస్తుంది. అమ్మేవారిని ఒకే ప్రశ్న అడగండి: "ప్రాసెసర్ పూర్తి నంబరు చెప్పండి." చెప్పడానికి తటపటాయిస్తే అక్కడితో వదిలేయండి.

## విడిభాగాలు ఎంచుకునేటప్పుడు

ఏఎం4 పాతబడిపోయింది కదా, ఏఎం5కే వెళ్లాలా?

ఏఎం4, ఏఎం5 అంటే బోర్డు మీద ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే సాకెట్లు. ఏఎం5 2022 సెప్టెంబరులో వచ్చింది. డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటుంది. 2027 వరకు, ఆ తరువాత కూడా దీనికి మద్దతు ఉంటుందని ఏఎండీ చెప్పింది. అంటే రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంది. ఏఎం4కి ఆ భవిష్యత్తు లేదు, కానీ రైజెన్ 5 5600కు 1080 తెర మీద మధ్య స్థాయి కార్డును పరుగెత్తించే సత్తా ఇప్పటికీ ఉంది. మీ దగ్గర ఇప్పటికే డీడీఆర్4 ర్యామ్ ఉంటే, ఎవరైనా తెలిసినవాళ్లు ఇస్తానంటే ఏఎం4 తీసుకోండి. అన్నీ కొత్తగా కొంటూ, రెండు మూడేళ్లలో ప్రాసెసర్ మార్చాలనుకుంటే ఏఎం5. "ఫ్యూచర్ ప్రూఫ్" అని కొట్టువాళ్లు చెప్పే మాటకు మాత్రం అదనంగా డబ్బు పోయకండి.

ఐ3తో గేమింగ్ అవుతుందా?

అవుతుంది. ఐ3-12100ఎఫ్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉంటాయి. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 స్థాయి గ్రాఫిక్స్ కార్డుకు సరిపోతుంది. కొత్తగా వచ్చే పెద్ద ఆటల్లో మాత్రం 4 కోర్లు ఊపిరాడక అప్పుడప్పుడు తడబడతాయి. 6 కోర్ల ఐ5-12400ఎఫ్ అందుబాటులో ఉంటే దానికే వెళ్లండి. ఒక వెసులుబాటు కూడా ఉంది: ఇంటెల్ 12, 13, 14 తరాలకు సాకెట్ ఒకటే కాబట్టి బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రాం) అప్‌డేట్ చేసుకుని అదే బోర్డులో పై ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. కార్డు లేకపోతే తెర వెలగదు.

మదర్‌బోర్డు చవకది తీసుకుంటే ఏమవుతుంది?

6 కోర్ల ప్రాసెసర్‌కు ఏమీ కాదు. ఇంటెల్ వైపు హెచ్610 రకం బోర్డుల్లో ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి, చాలు. ఏఎండీ వైపు ఏ520 బోర్డు పీసీఐఈ 3.0తో ఆగిపోతుంది, బీ550 4.0 ఇస్తుంది. ఈ తేడా కొన్ని కార్డులకే గట్టిగా తగులుతుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 లేన్లతోనే (డేటా దారులతోనే) మాట్లాడుతుంది కాబట్టి 3.0 బోర్డులో బాగా నష్టపోతుంది. 8 లేన్ల ఆర్‌ఎక్స్ 6600కు నష్టం స్వల్పం. కొట్లో అడగాల్సింది మరొకటి: బోర్డులో ఉన్న బయోస్ మీ ప్రాసెసర్‌ను గుర్తిస్తుందా? నిల్వ ఉన్న బీ450 బోర్డులు 5600ను గుర్తించకపోవచ్చు. అక్కడే అప్‌డేట్ చేయించుకుని తెచ్చుకోండి.

8 జీబీ గ్రాఫిక్స్ కార్డు చాలుతుందా?

1080 తెరకు ఇప్పటికి చాలుతుంది, కొత్త ఆటల్లో టెక్స్చర్లు (వస్తువుల పైపూత చిత్రాల నాణ్యత) ఒక మెట్టు దించుకోవడానికి సిద్ధపడితే. అయితే జీబీ అంకె ఒక్కటే చూసి కార్డు కొనడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. 4 జీబీ జీటీ 730 కార్డు గేమింగ్‌కు ఎందుకూ కొరగాదు. ఒకే పేరుతో వేర్వేరు కార్డులు అమ్మడం మరో తలనొప్పి. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది, 6 జీబీది ఉన్నాయి. తేడా మెమరీ ఒక్కటే కాదు. మొదటిదాంట్లో 2560 కోర్లు, మెమరీకి 128 బిట్ల దారి. రెండోదాంట్లో 2304 కోర్లు, 96 బిట్ల దారి. పెట్టె మీద రెండిటికీ 3050 అనే ఉంటుంది. 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా 8, 16 జీబీ రకాల్లో వచ్చాయి. బిల్లులో ఏది రాశారో వేలు పెట్టి చదవండి.

ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీతో ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ దానికి బోర్డులో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే వీలు) తప్పనిసరి, ప్రాసెసర్ కూడా కొత్తదై ఉండాలి. పాత కంప్యూటర్‌లో పెడితే డబ్బుకు తగ్గ వేగం రాదు. తక్కువ బడ్జెట్‌లో ఇప్పటికీ నేను ముందు చూసేది ఆర్‌ఎక్స్ 6600నే. 8 జీబీ, 132 వాట్లు, ఒకే 8 పిన్నుల కనెక్టర్. మామూలు ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది. కొత్తది దొరక్కపోతే ఆ ధరలో కనిపించే మరో కార్డును దీనితో పోల్చి చూడండి.

ర్యామ్ ఒకే 16 జీబీ స్టిక్ కొనాలా, రెండు 8లా?

రెండు 8లు. రెండు స్టిక్కులుంటే ర్యామ్ రెండు దారుల్లో పనిచేస్తుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆడేవారికైతే ఈ తేడా కంటికే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కు విడిగా మెమరీ లేదు. బిగించాక బయోస్‌లో ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ, లేదా ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేయాలి. లేకపోతే 3200 అని కొన్న ర్యామ్ అంతకన్నా తక్కువ వేగంతోనే నడుస్తుంది.

500 జీబీ ఎస్‌ఎస్‌డీ సరిపోతుందా?

పెద్ద ఆటలు 100 జీబీ దాటుతున్నాయి. విండోస్ పోగా 500 జీబీలో అటువంటివి మూడో నాలుగో పడతాయి. వీలైతే 1 టీబీ. ఎస్‌ఎస్‌డీల్లో జెన్3, జెన్4 (పీసీఐఈ 3.0, 4.0) తేడా ఆటల్లో పెద్దగా తెలియదు, ఏది చవకైతే అది. పాత హార్డ్ డిస్క్ ఉంటే సినిమాలకు, ఫొటోలకు వాడుకోండి, ఆటలు మాత్రం దాంట్లో పెట్టకండి.

క్యాబినెట్‌తో పాటే ఎస్‌ఎంపీఎస్ వస్తోంది, 450 వాట్లని రాసి ఉంది. విడిగా ఎందుకు కొనాలి?

దాని పక్కనున్న స్టిక్కర్ చదవండి. +12వీ అన్న గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. అక్కడ 16 అని ఉంటే వచ్చేది 192 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల లైను మీదే. పైన పెద్ద అక్షరాలతో 450 అని ఉన్నా ఉపయోగం లేదు. నికార్సయిన 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఈ గుణకారం 500 దాటుతుంది.

80 ప్లస్ గుర్తు గురించి ఒక మాట. అది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా ఇస్తుందో చెబుతుంది, అంతే. వోల్టేజీ ఎగిరినప్పుడు మీ కార్డును కాపాడుతుందో లేదో ఆ గుర్తు చెప్పదు. అందుకే నేను వారంటీ చూస్తాను. 5 ఏళ్లు, ఆపైన వారంటీ ఇచ్చే సిరీస్ అయితే తయారీదారుకే దాని మీద నమ్మకం ఉన్నట్టు. మిగతా అన్నిటిలో బేరమాడండి, ఇక్కడ కక్కుర్తి పడకండి. ఇంట్లో ఆ ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే చాలాసార్లు కారణం అదే.

యూపీఎస్ అవసరమా? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. కరెంటు పోయిన క్షణంలో ఇన్వర్టర్ ఎంత త్వరగా అందుకుంటుందనేది ఆ మోడ్ మీదే ఆధారపడి ఉంటుంది. మామూలు మోడ్‌లో కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదలవచ్చు. విడిగా యూపీఎస్ కొంటే 600 వీఏ అంటే దాదాపు 360 వాట్లేనని గుర్తుంచుకోండి. ఆట మధ్యలో 300 వాట్లు లాగే కంప్యూటర్, దానికి తోడు మానిటర్ ఉంటే 1000 వీఏ పైన ఉన్నది తీసుకోవాలి. అది ఇచ్చేది కొద్ది నిమిషాలే. ఆట సేవ్ చేసి ఆపేయడానికి, అంతే.

ఆర్‌జీబీ లైట్లు, లిక్విడ్ కూలర్?

లైట్లు ఆట వేగాన్ని (ఫ్రేములను) పెంచవు. 5600, 12100ఎఫ్ పెట్టెల్లో వచ్చే కూలర్లు చాలు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో ఆడేవారైతే ఆ డబ్బుతో ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్, ఒక అదనపు ఫ్యాను కొనండి. ముందు అద్దం బిగించిన క్యాబినెట్లు చూడ్డానికే బాగుంటాయి.

## కొనేటప్పుడు

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా?

ముందు ఆన్‌లైన్ ధరలు రాసుకుని పార్క్ లేన్‌కు వెళ్లండి. అక్కడి చినాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో కనీసం మూడు కొట్లలో ఒకే జాబితా చూపించి అడగండి. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనూ ఇదే పద్ధతి. అన్నీ ఒకేచోట కొంటే ధర కాస్త దిగుతుంది. ఏదైనా పాడైతే అడగడానికి ఒక మనిషీ ఉంటాడు. "ఇది స్టాకు లేదు, ఇదీ అంతే మంచిది" అంటూ వేరే ఎస్‌ఎంపీఎస్, వేరే ఎస్‌ఎస్‌డీ అంటగట్టడం ఎక్కువగా జరిగే పని. జాబితాలో లేని వస్తువుకు అక్కడికక్కడే ఒప్పుకోకండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వద్దనండి. విడిభాగాల మీద 18 శాతం జీఎస్టీ ఉంది కాబట్టి తగ్గింపు ఊరిస్తుంది, కానీ వారంటీ అడిగిన రోజు మీ చేతిలో కాగితం ఉండదు. బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు రాయించుకోండి.

అమెరికా నుంచి అన్నయ్య వస్తున్నాడు. గ్రాఫిక్స్ కార్డు తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు, మూడు లెక్కలు చూశాక. అక్కడ వెబ్‌సైట్‌లో కనిపించే ధర మీద చాలా రాష్ట్రాల్లో సేల్స్ ట్యాక్స్ పడుతుంది. ఇక్కడ విమానాశ్రయంలో సుంకం లేకుండా తెచ్చుకునే విలువకు పరిమితి ఉంది. ల్యాప్‌టాప్‌కు ఉన్న ప్రత్యేక మినహాయింపు విడిభాగాలకు వర్తించదు. అన్నిటికన్నా ముఖ్యం, కొన్ని కంపెనీలు వారంటీని కొన్న దేశానికే పరిమితం చేస్తాయి. ప్రాసెసర్, ర్యామ్ తెప్పించుకోవడం తేలిక, అవి అరుదుగా పాడవుతాయి. కార్డు విషయంలో ధర తేడా బాగా ఉంటేనే సాహసించండి. మానిటర్ మాత్రం అడగకండి, అన్నయ్య లగేజీ మీద జాలిపడండి.

సెకండ్‌హ్యాండ్ కార్డు కొనడం ప్రమాదమా?

2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో మైనింగ్ (దాన్ని సంపాదించే లెక్కలు చేయించడం) గిట్టుబాటు కాకుండా పోయింది. అప్పట్లో వాడిన కార్డులు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. మైనింగ్‌లో వాడినంత మాత్రాన కార్డు పనికిరానిది కాదు. ఫ్యాన్లు అరిగిపోయి, చిప్ వేడిని కూలర్‌కు చేర్చే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటాయి, అంతే. చూడకుండా డబ్బు పంపడమే అసలు ప్రమాదం.

అమ్మేవారి ఇంటికి వెళ్లి, కంప్యూటర్‌లో పెట్టి ఉండగానే చూడండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి కార్డు అసలు పేరు, కోర్ల సంఖ్య సరిచూడండి. ఆర్‌ఎక్స్ 580 పేరుతో 2304కు బదులు 2048 కోర్ల రకం చాలా అమ్ముడవుతోంది. తరువాత అరగంట పాటు ఏదైనా బరువైన ఆట నడిపించండి. తెర మీద రంగురంగుల చుక్కలు, గీతలు కనిపిస్తే మెమరీ పోయినట్టే, ఎంత తగ్గించినా కొనవద్దు. ఫ్యాన్ల శబ్దం చెవి పెట్టి వినండి. గరగరలాడితే ఆ మేరకు బేరమాడవచ్చు. వెనకున్న స్క్రూల మీది స్టిక్కర్ చిరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం. వారంటీ మిగిలి ఉందంటే పాత బిల్లు అడిగి తీసుకోండి.

ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్‌కు కార్డు పెట్టుకోవచ్చా?

నిజంగా డబ్బు లేనప్పుడు ఇదే మంచి దారి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ వంటివి దొరుకుతాయి. ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం, ఆపైనదై ఉంటే విండోస్ 11కు ఇబ్బంది లేదు. చిక్కు ఎస్‌ఎంపీఎస్ దగ్గర వస్తుంది. చాలా మోడళ్లలో దాని ఆకారం, కనెక్టర్లు ఆ కంపెనీ సొంతం. మామూలుది పట్టదు. అందుకని విడిగా కరెంటు తీగ అడగని కార్డే పెట్టాలి. స్లాటు నుంచి వచ్చేది 75 వాట్లు. 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ అందులో ఇముడుతుంది. డబ్బా సన్నగా ఉంటే సగం ఎత్తు రకం కావాలి, కొలిచి కొనండి.

## బిగించేటప్పుడు

నేనే బిగించుకోగలనా?

గలరు. ఒక మధ్యాహ్నం, ఒక స్క్రూడ్రైవర్ చాలు. కనెక్టర్లు తప్పు వైపు దూరవు, బలవంతంగా దూరిస్తే తప్ప. నాలుగు ర్యామ్ స్లాట్లుంటే రెండు స్టిక్కులనూ ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. బోర్డు పైమూల ప్రాసెసర్‌కు వేరే కరెంటు కనెక్టర్ ఉంటుంది. చాలామంది దాన్నే మరిచిపోతారు. ఏఎం4లో పాత కూలర్‌ను తీయాల్సి వస్తే తిన్నగా పైకి లాగకండి. ఎండిన పేస్టు పట్టేసి ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌తో పాటే వస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు కంప్యూటర్ నడిపి వేడెక్కనిచ్చి, ఆపేసి ప్లగ్గు తీశాక, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి వాడవచ్చా?

ఊడదీసే కేబుళ్లయితే వద్దే వద్దు. రెండో చివర ఒకేలా ఉన్నా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది. సరిగ్గా దూరుతుంది, స్విచ్ వేయగానే ఎస్‌ఎస్‌డీ కాలిపోతుంది.

## ఆన్ చేశాక

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రావడం లేదు. బోర్డు పోయిందా?

కంగారు పడకండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టారా? డీడీఆర్5 అయితే మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్లతెరే ఉంటుంది, మధ్యలో ఆపకండి. అప్పటికీ రాకపోతే ర్యామ్ తీసి టిక్ అని శబ్దం వచ్చేలా నొక్కండి, తరువాత ఒక్క స్టిక్కుతో ప్రయత్నించండి. బోర్డు మీద వెలిగే చిన్న ఎర్రదీపం పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ అని రాసి ఉంటే తప్పు ఎక్కడో అదే చెబుతుంది.

144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను, తేడా తెలియడం లేదు.

విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఇంకా 60 దగ్గరే ఉండి ఉంటుంది. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి మార్చండి.

విండోస్ కొనాలా?

యాక్టివేట్ చేయకపోయినా విండోస్ 11 నడుస్తుంది. మూలన ఒక రాత కనిపిస్తుంది, వాల్‌పేపర్ వంటివి మార్చుకోలేరు. డబ్బు చేతికొచ్చినప్పుడు కొనుక్కోండి. కొన్ని వందలకు అమ్మే కీలు ఎక్కడివో ఎవరికీ తెలియదు, వాటి జోలికి వెళ్లకండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే బయోస్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు ఆన్‌లో ఉండాలి. లినక్స్ ఉచితమే, స్టీమ్‌లోని చాలా ఆటలు దాని మీద నడుస్తాయి. వాలరెంట్ నడవదు.

ఆరు నెలలకే బాగా వేడెక్కుతోంది, ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి.

దుమ్ము. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పక్క పలక విప్పండి. కూలర్ రెక్కల మధ్య దూది పొరలా పేరుకుని కనిపిస్తుంది. మెత్తటి బ్రష్షుతో, బ్లోయర్‌తో తీసేయండి. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి ఉంచండి, గాలికి విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగు పాడవుతుంది. క్యాబినెట్‌ను నేల మీద కాకుండా పీట మీదో బల్ల మీదో పెడితే ఈ పని రెండు మూడు నెలలకోసారి కాకుండా ఏడాదికి రెండుసార్లతో సరిపోతుంది.